ఆర్డిస్ పేరు పక్కన పచ్చ దీపం

లెలాండ్ థోర్స్‌గార్డ్‌కు గుండెపోటు వచ్చింది గోధుమ కోతల్లో, పట్టపగలు. కోత యంత్రం మీద నుంచి తనంతట తనే దిగి, టైరుకు చేరగిలబడి కూర్చుని, చెయ్యెత్తి భార్యను పిలిచాడు. ధాన్యం లారీలో కూర్చుని ఉన్న ఆర్డిస్ మంచినీళ్ళకు పిలుస్తున్నాడనుకుని సీసా పట్టుకుని వెళ్ళింది. దగ్గరికి వెళ్ళాక గానీ అతని ముఖం రంగు మారిందని తెలియలేదు.

ఆ రోజుల్లో వాళ్ళ ఊరు హెగ్డాల్ చుట్టుపక్కల ఎవరికి ప్రాణం మీదకొచ్చినా, ఆసుపత్రి ఉన్న లార్క్‌టన్ నుంచి బండి రావాలి. ఆ బండి అంత్యక్రియలు జరిపించే ఆస్కర్ నెస్‌ది. వెనకాల మనిషి పడుకోగలిగినంత పొడుగాటి కారు కౌంటీ మొత్తానికీ అదొక్కటే. కాబట్టి బతికున్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చేదీ అదే, పోయినవాళ్ళను శ్మశానానికి చేర్చేదీ అదే. ఆస్కర్ మర్యాదస్తుడు. బతికున్నవాళ్ళ కోసం వచ్చేటప్పుడు నల్లకోటు విప్పేసి చారల చొక్కా వేసుకొచ్చేవాడు.

లెలాండ్‌ను ఎక్కించాక ఆర్డిస్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. బండి లోపల పైకప్పుకంతా ఊదారంగు పట్టుగుడ్డ కుచ్చిళ్ళు పెట్టి కుట్టి ఉంది. లెలాండ్ దాని వంక కాసేపు చూసి, "ఆస్కర్, తిరుగు ప్రయాణానికి బండి మారే పని లేదన్నమాట," అన్నాడు.

"మాట్లాడకు లెలాండ్. ఊపిరి దాచుకో," అన్నాడు ఆస్కర్, నవ్వాలో వద్దో తెలియక.

కంకర రోడ్డు. బండిలో ఆక్సిజన్ లేదు, మందు లేదు, ఏం చెయ్యాలో తెలిసిన మనిషి లేడు. మొగుడి చెయ్యి పట్టుకోవడం తప్ప ఆర్డిస్‌కు మరో పని లేదు. లార్క్‌టన్ ధాన్యపు గిడ్డంగులు కనబడే మలుపు దగ్గర ఆ చెయ్యి బరువెక్కింది. ఆస్కర్ ముందరి అద్దంలోంచి వెనక్కి చూశాడు. చూసి, బండి వేగం తగ్గించాడు. ఇక తొందర లేదని అతను నోటితో అనలేదు. ఆ వేగం తగ్గడమే ఆమె చెవుల్లో ఏళ్ళ తరబడి మిగిలిపోయింది.

వాళ్ళకు పిల్లల్లేరు. ఆ చలికాలం వంటింట్లో ఒకటే కుర్చీ బయటికి లాగి ఉండేది. వసంతానికి ఆర్డిస్ పొలం కౌలుకిచ్చేసి, బడి బస్సు నడిపే పనిలో చేరింది. పక్క పొలంవాళ్ళ ఇల్లాలు ఐలా బక్కె అదే బడిలో వంటమనిషి. ఇద్దరూ ఒకే చర్చిలో, ఒకే ఏడు బాప్తిస్మం పొందినవాళ్ళు. ఒకరి పెళ్ళికి ఒకరు తోడుపెళ్ళికూతుళ్ళు. పొద్దున పిల్లల్ని దింపేశాక ఆర్డిస్ బడి వంటగదిలోకి వచ్చి, పొయ్యి పక్కన కూర్చుని కాఫీ తాగేది. ఆ పొయ్యి వేడి, ఐలా నోరు, ఆ రెండూ లేకపోతే ఆ సంవత్సరాలు గడిచేవి కావు.

"ఏమే, ఎన్నాళ్ళిలా గోడల్ని చూస్తూ కూర్చుంటావు?" అంది ఐలా ఒకరోజు, బంగాళాదుంపలు తొక్క తీస్తూ. "ఆ శవాల బండి గురించి నాకు చెప్పీ చెప్పీ నా చెవులు చిల్లులు పడ్డాయి. పోయి చట్టసభలో చెప్పు. వాళ్ళక్కూడా చెవులున్నాయిగా."

"నన్నెవరు పంపిస్తారే?"

"మేమే పంపిస్తాం. నీ పీడ వదుల్తుంది."

హాస్యానికన్న మాటే నిజమైంది. ఆ శరదృతువంతా ఇద్దరూ ఆర్డిస్ పాత కారులో పొలం పొలం తిరిగారు. వాకిట్లో కుక్క మొరిగితే ఐలా కిందకు దిగేది కాదు. "నువ్వు వెళ్ళి చేతులు కలుపు. కుక్క సంగతి నీ ఓటరు చూసుకుంటాడు," అని అద్దం ఎక్కించేసుకునేది. ఆర్డిస్ అంబులెన్సు గురించి చెప్పేది. పల్లెల్లో శిక్షణ పొందిన మనుషులు ఉండాలని, ప్రభుత్వం ఓ బండి ఇవ్వాలని. రైతులు ఓపిగ్గా విని, టోపీ వెనక్కి తోసి, తమకు కావలసింది అడిగేవారు.

"అది సరే ఆర్డిస్. మన బడి ఉంచుతారా, ఎత్తేస్తారా?"

చిన్న ఊళ్ళ ఉన్నత పాఠశాలలను పెద్ద ఊళ్ళలో కలిపెయ్యాలన్న మాట అప్పటికే రాజధానిలో నలుగుతోంది. హెగ్డాల్‌లో బడి పోతే ఏముంటుంది? చర్చి, కాఫీ హోటలు, గిడ్డంగి. శుక్రవారం బాస్కెట్‌బాల్ ఆట లేకపోతే చలికాలంలో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటుండదు. ఎన్నికలకు ముందు చర్చి నేలమాళిగలో ఎండుచేపల విందు జరిగింది. అందరూ కరిగిన వెన్న పోసుకుని తింటుండగా పాస్టరు ఆర్డిస్‌ను లేచి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఆమె లేచి నిలబడింది. ఐలా పక్కనే నిలబడింది, వడ్డించే గరిటె చేతిలో పట్టుకుని.

"నా చేత్తో నేను హెగ్డాల్ బడికి తాళం వెయ్యను," అంది ఆర్డిస్.

అంతకంటే పెద్ద ప్రసంగం ఆమె జన్మలో చెయ్యలేదు. అందరూ బల్లలు చరిచారు. గెలిచింది.

చట్టసభ ఏడాది విడిచి ఏడాది కూడేది, నడి చలికాలంలో మొదలై మంచు కరిగే దాకా. రాజధాని బిస్మార్క్‌లో ఆర్డిస్ ఊరి చివర, లాడ్జి లాంటి ఓ మోటలు గదిలో దిగేది. పొద్దున లేచి, చలికి గడ్డకట్టకుండా కారు ఇంజనుకు తగిలించిన కరెంటు తీగ ఊడదీసి, సభకు వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ తగిలించేది. గదిలో ఓ మంచం, ఓ బల్ల, రహదారి వైపు ఓ కిటికీ. మిగతా సభ్యులు సాయంత్రాలు గుంపులుగా విందులకు పోయేవారు. మొదట్లో ఆమెనూ పిలిచారు. ఆమె ఓ మూల నిలబడి, గ్లాసు పట్టుకుని, ఎవరైనా మాట్లాడితే నవ్వి, గంటకు బయటపడేది. రెండోసారి సభ కూడేసరికి పిలవడం మానేశారు. ఆదివారం ఐలాకు ఫోను చేసేది.

"తింటున్నావా?"

"తింటున్నానే."

"ఏం తిన్నావు?"

"మాంసం పులుసు."

ఊళ్ళో ఎవరికి దూడ పుట్టింది, ఎవరి కారు మంచు గుంటలో పడింది, అన్నీ ఐలా చెప్పేది. ఫోను పెట్టేశాక ఆ గది ముందుకంటే నిశ్శబ్దంగా అనిపించేది.

అంబులెన్సు బిల్లు మొదటి ఏడాది, డబ్బు లెక్కలు చూసే కేటాయింపుల సంఘం వద్దనడంతో పడిపోయింది. మరోసారి తెచ్చింది. మళ్ళీ పడిపోయింది. ఆ సభలో ఏ బిల్లునూ ఓటుకు పెట్టకుండా తొక్కిపట్టే వీల్లేదు. అందుకని అందరూ చూస్తుండగానే ఓడిపోయేది. ఆమె పార్టీ సభానాయకుడు డెల్మర్ గెఫ్రీ, దక్షిణాది గొర్రెల మందలవాడు, లావుపాటి చేతులు, ఎప్పుడూ నవ్వు ముఖం. ఓడిన రోజు ఆమె బల్ల దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"మంచి బిల్లమ్మా ఇది. మంచి బిల్లుల్ని పాతిపెట్టడానికి మాకిక్కడ పెద్ద దొడ్డే ఉంది. బాధపడకండి."

"బాధపడటం లేదు. మళ్ళీ తెస్తాను," అంది ఆర్డిస్.

మూడోసారి తెచ్చిన చలికాలమే బడుల విలీనం బిల్లు కూడా సభకు వచ్చింది. నిర్ణయించినంత మంది విద్యార్థులు లేని ఉన్నత పాఠశాల పక్క ఊరి బడిలో కలిసిపోవాలి. హెగ్డాల్ బడి ఆ గీతకు చాలా కిందనుంది. ఒకరోజు మధ్యాహ్నం కాంటీన్‌లో డెల్మర్ తన సూపు గిన్నె పట్టుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చెంచాతో పిండి ముద్దలు అటూ ఇటూ నెడుతూ కొంతసేపు గొర్రెల కాన్పుల గురించి చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"బడుల బిల్లుకు నాకు ఒక్క ఓటు తక్కువైంది. అది దొరికితే, మీ అంబులెన్సు బిల్లు ఈసారి సంఘం గుమ్మం దాటుతుంది. పైసభ సెనేటులోనూ దాటుతుంది. నా మాట."

"బేరమా?"

"అబ్బే, ఆ మాట ఎందుకండీ."

"మరేమంటారు దీన్ని?"

"ఇక్కడ దీన్ని స్నేహం అంటారు," అని డెల్మర్ మొట్టమొదటిసారి నవ్వకుండా ఆమె ముఖంలోకి చూశాడు. "ఆలోచించుకోండి. మీ ఊరు నాకు తెలుసు. మా ఊరూ అలాంటిదే. మా బడి కూడా ఈ బిల్లులోనే పోతోంది."

శుక్రవారం సభ ముగియగానే ఆర్డిస్ కారెక్కింది. గాలి మంచును రోడ్డుకు అడ్డంగా తోస్తోంది, ముందు బండి ఉందో లేదో కనబడదు. తన ఇంటికి కూడా పోకుండా, మర్నాడు ఉదయానికల్లా ఐలా వంటింట్లో ఉంది. రాత్రి మధ్యలో తుఫాను పట్టి లార్క్‌టన్‌లో ఎవరింట్లోనో తలదాచుకోవలసి వచ్చింది. ఐలా బంగాళాదుంప రొట్టెలు ఒత్తుతోంది. చేతులు మోచేతుల దాకా పిండి.

"ఏమే, ముఖం అలా వేలాడేసుకొచ్చావేం? కూర్చో. కోటు విప్పు."

ఆర్డిస్ కోటు విప్పలేదు. నిలబడే జరిగిందంతా చెప్పింది. ఐలా అప్పడాల కర్ర పక్కన పెట్టి విన్నది.

"నువ్వు మాటిచ్చావే. అందరి ముందూ. నీ పక్కన నిలబడ్డది నేనే."

"ఇచ్చాను."

"అయితే మరి?"

"బడి ఇవాళ కాకపోతే నాలుగైదేళ్ళకు పోతుంది ఐలా. ఆ బస్సు నడిపినదాన్ని, ఏ ఏ ఇళ్ళ ముందు ఆగటం మానేశానో నాకు తెలుసు. చిన్న తరగతుల్లో పిల్లలేరీ? కానీ అంబులెన్సు ఇప్పుడు రాకపోతే ఇంకెప్పటికీ రాదు."

"నాలుగైదేళ్ళు!" ఐలా గొంతు లేచింది. "నాలుగైదేళ్ళంటే నీకు అంత తేలికా? మా చిన్నాడు ఆ బడిలోనే చదువు ముగిస్తాడు. నా వంటగది నాకుంటుంది. ఈ ఊరు ఊరులా ఉంటుంది. చచ్చేవాడు ఎలాగూ చస్తాడే, బతికున్నన్నాళ్ళు బతకనియ్యి."

ఆర్డిస్ కోటు బొత్తాం ఒకటి తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"లెలాండ్ కోసం చేస్తున్నావిదంతా. లెలాండ్ పోయాడు ఆర్డిస్. నువ్వు ఏ ఓటు మీట నొక్కినా తిరిగి రాడు."

"తెలుసు."

"తెలిసే నొక్కుతావా?"

"నొక్కుతాను. నీకు ముందే చెప్పాలని వచ్చాను."

ఐలా మళ్ళీ అప్పడాల కర్ర అందుకుంది. "ఆ పని చేశావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు," అంది. అని, అలవాటు కొద్దీ, కాల్చిన రొట్టెలు నాలుగు గుడ్డలో చుట్టి ఆర్డిస్ చేతిలో పెట్టింది. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బహుశా ఇంకోలా ముగిసేది. మోటలు గదిలో ఆ రొట్టెలు కిటికీ పలక మీద అట్టల్లా ఎండిపోయాయి. తినలేకపోయింది, పారెయ్యలేకపోయింది.

ఓటింగు బుధవారం జరిగింది. సభ ముందు గోడ మీద అందరి పేర్లూ ఉంటాయి. బల్ల మీది మీట నొక్కితే పేరు పక్కన అవునంటే పచ్చ దీపం, కాదంటే ఎర్ర దీపం వెలుగుతుంది. ఆర్డిస్ నొక్కేసి, తలెత్తి చూసింది. తన పేరు పక్కన పచ్చగా వెలుగుతోంది. పొరపాటుగా నొక్కానని మార్చుకోవడానికి ఇంకా కొన్ని క్షణాలుంటాయి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిల్లు ఒక్క ఓటుతో నెగ్గింది. డెల్మర్ అటు తిరిగి చూడలేదు. అది ఆయన మర్యాద. వారం తిరక్కుండా అంబులెన్సు బిల్లు సంఘం గుమ్మం దాటింది, సభ దాటింది, సెనేటు దాటింది. గవర్నరు సంతకం పెడుతుంటే తీసిన ఫోటోలో వెనక వరుసలో ఆర్డిస్ సగం భుజం కనబడుతుంది.

హెగ్డాల్‌లో ఎవరూ ఆమెను తిట్టలేదు. అక్కడివాళ్ళు తిట్టరు. కాఫీ హోటల్లోకి ఆమె అడుగుపెడితే, పెద్దబల్ల దగ్గర మాటలు ఆగి, చెంచాల చప్పుడు వినబడేది. హోటలామె కాఫీ పోసి, "ఇంకేమైనా కావాలా?" అని దారినపోయే లారీ డ్రైవరును అడిగినట్టు అడిగేది. ఆ ప్రాంతంలో రోడ్డు మీద ఎదురుపడ్డ ప్రతి బండివాడూ స్టీరింగు చక్రం మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు, ముక్కూముఖం తెలియనివాడైనా సరే. ఆర్డిస్ కారు కనబడగానే వాళ్ళకు పక్క పొలాల్లో ఏదో చూడవలసింది కనబడేది. చర్చిలో ఆమె కూర్చునే బెంచీ మెల్లమెల్లగా ఆమెదొక్కదానిదే అయిపోయింది.

ఆ ఏడు బడి చివరి తరగతి పట్టాలు పుచ్చుకున్న రోజు, వ్యాయామశాలలో అందరూ ఉన్నారు. ఆర్డిస్ కూడా వెళ్ళింది. రాకుండా ఇంట్లో కూర్చోవడం పిరికితనమనుకుంది. వెనక తలుపు దగ్గర నిలబడింది. పిల్లలు బడిపాట పాడుతుంటే ఐలా వంటగది కిటికీలోంచి చూస్తోంది, ఏప్రను కట్టుకునే ఉంది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఐలా కిటికీ చెక్క కిందికి దించేసింది.

తర్వాతి ఎన్నికలో ఆర్డిస్ ఓడిపోయింది. మిగతా ఊళ్ళలో బాగానే వచ్చాయి ఓట్లు, సొంత ఊళ్ళోనే రాలేదు. బిస్మార్క్ నుంచి డెల్మర్ ఫోను చేసి, "మీలాంటివాళ్ళు మళ్ళీ రారండీ," అన్నాడు. అది ఓదార్పో నిట్టూర్పో ఆమెకు అర్థం కాలేదు. థాంక్సని చెప్పి పెట్టేసింది.

చట్టం ప్రకారం అంబులెన్సు వచ్చింది. తెల్లగా, ఎత్తుగా, లోపల ఆక్సిజనుతో. దాన్ని పెట్టడానికి చలి తగలని షెడ్డు ఊళ్ళో ఒకటే ఉంది, ఖాళీ అయిన బడి బస్సుల షెడ్డు. నడపడానికీ, రోగిని చూడటానికీ ఊరివాళ్ళే ముందుకు రావాలి, జీతం లేదు. శిక్షణకు పేర్లు ఇమ్మంటే ఆర్డిస్ ఇచ్చింది. ఇంకొక్కరే ఇచ్చారు, పోస్టుమాస్టరు లైల్ ఒప్డాల్. పెళ్ళికాని మనిషి, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని అందరికీ తెలుసు.

"మనిద్దరమే," అన్నాడు లైల్ షెడ్డు తలుపు తీస్తూ. "నాకు కళ్ళు తిరిగితే నన్నూ, రోగినీ మీరే మొయ్యాలి."

"నువ్వు బండి తోలు. వెనక నేను చూసుకుంటాను. వెనక్కి తిరగకు, అంతే."

అలా మొదలైంది ఆమె రెండో కొలువు. నిలబడి ఉన్నప్పుడు పలకరించనివాళ్ళు పడుకోబెట్టాక పలకరించేవారు. తుంటి ఎముక విరిగిన థార్వాల్డ్ ముసలాయన స్ట్రెచరు మీద పళ్ళు నూరుకుంటూ, "ఆర్డిస్, నేను నీకు ఓటెయ్యలేదు," అన్నాడు.

"తెలుసు. కాలు కదపకు."

"ఎలా తెలుసు?"

"ఎవరూ వెయ్యలేదు థార్వాల్డ్. నువ్వొక్కడివే వేశావని ఎందుకనుకుంటాను?"

ముసలాయన నవ్వబోయి, నొప్పికి కెవ్వుమన్నాడు. లైల్ వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక వాళ్ళు మళ్ళీ మామూలే. కానీ ఓ చూపు ఆగేది. కొన్నేళ్ళకు ఒకటీ అరా వేళ్ళు చక్రం మీంచి లేచాయి. ఆమె సంతోషించిందని చెప్పలేం. అప్పటికి ఒంటరితనం పాత కోటులా ఒంటికి సరిపడిపోయింది. బస్సుల షెడ్డులో బండి తుడుస్తూ రేడియో పెట్టుకునేది. ఒకప్పుడు ఆదివారం ఐలాకు ఫోను చేసిన వేళకు ఇంట్లో ఉండకుండా ఏదో పని పెట్టుకునేది.

ఒక చలికాలపు ఉదయం కబురొచ్చింది, బక్కె వాళ్ళ పొలం నుంచి. ధాన్యం ఎత్తే మర చొక్కా చెయ్యి లాక్కుంది. దాంతో ఐలా మొగుడు గేలెన్ చెయ్యి కూడా. లైల్ ఆమె ముఖం చూసి, "నేను ఒక్కణ్ణీ..." అనబోయాడు. "తోలు," అంది ఆర్డిస్.

గుమ్మం తొక్కే పని పడలేదు. గేలెన్ పెరట్లోనే మంచు మీద పడి ఉన్నాడు. ఐలా మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, ఏప్రనుతో భుజం అదిమి పట్టుకుని ఉంది. బండి లోంచి ఎవరు దిగారో చూసింది. పక్కకు జరగలేదు, పొమ్మనీ అనలేదు.

"వదలకు ఐలా. ఇక్కడ. ఇంకా గట్టిగా," అంది ఆర్డిస్, ఆమె చేతుల మీద తన చేతులు వేసి.

లార్క్‌టన్ దాకా ఇద్దరూ గేలెన్‌కు చెరో పక్కన వంగి, ఒకే గుడ్డ మీద చేతులు నొక్కిపెట్టి కూర్చున్నారు. కంకర రోడ్డు పోయి తారు రోడ్డు వచ్చింది కనుక బండి అదరలేదు. గిడ్డంగుల మలుపు దగ్గర ఆర్డిస్ తల తిప్పి కిటికీలోంచి చూసింది. బండి వేగం తగ్గలేదు. చెయ్యి పోయింది గానీ గేలెన్ బతికాడు.

నెల తర్వాత లైల్ ఓ గాజు పళ్ళెం షెడ్డుకు తెచ్చాడు. నిండా పుల్లటి రూబార్బు కాడలతో చేసిన తీపి ముక్కలు, పైన చక్కెర పొడి. "అంబులెన్సువాళ్ళకట," అన్నాడు.

"ఎవరిచ్చారు?"

"అంబులెన్సువాళ్ళకని మాత్రమే చెప్పమన్నారు."

ఆ చేతి వంట తెలియకపోవడానికి ఆమె పరాయిదా? ఒక ముక్క తిని, పళ్ళెం కడిగి, తుడిచి, లైల్ చేతే వెనక్కి పంపింది. కొన్ని నెలలకు అదే పళ్ళెం మళ్ళీ వచ్చింది. అలా ఏళ్ళు గడిచాయి. మాట మాత్రం రాలేదు. ఒకసారి ఎరువుల దుకాణంలో గేలెన్ మిగిలిన చేత్తో టోపీ తీసి, "ఐలా సంగతి పట్టించుకోకు ఆర్డిస్. దాని మొండితనం నీకు తెలుసుగా," అన్నాడు.

"నాకు తెలియకపోతే ఎవరికి తెలుసు గేలెన్?" అంది. బయటికొచ్చి కారులో కూర్చుని, చాలాసేపు తాళం తిప్పలేదు.

గేలెన్ వయసు మీరి పోయాడు. లైల్ పదవీ విరమణ చేసి వెచ్చటి ఊరికి వెళ్ళిపోయాడు. బండి తోలడానికి లార్క్‌టన్ నుంచి కొత్త మనుషులు వచ్చారు. ఆర్డిస్ బరువులు ఎత్తలేకపోయినా, రోగి పక్కన కూర్చోవడానికి ఇంకా వెళ్ళేది. ఐలాకు మూత్రపిండాలు చెడి, ఇంట్లో ఒంటరిగా ఉండలేని స్థితి వచ్చినప్పుడు, లార్క్‌టన్ వృద్ధాశ్రమానికి చేర్చిన బండిలో పక్కన కూర్చుంది ఆర్డిస్సే. ఐలా చిక్కి సగమైంది. దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది. సగం దూరం పైకప్పు చూస్తూ పడుకుంది.

"చలిగా ఉందే. ఆ హీటరు పెంచమను."

ఆర్డిస్ వేలి కణుపుతో డ్రైవరు వెనక అద్దం కొట్టి, చేత్తో సైగ చేసింది.

"నీ జుట్టు ఎవరు కత్తిరిస్తున్నారే? గడ్డి కోసినట్టుంది."

"నేనే."

"అనుకున్నా." ఐలా ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నేను నిన్ను క్షమించలేదు, తెలుసా?"

"తెలుసు."

"ఇక క్షమించేదీ లేదు. మా చిన్నాడు పక్క ఊరి బడికి బస్సులో రోజూ రెండు పూటలా అంతదూరం పోలేక చదువు మానేశాడు. అది నేను మరిచిపోను." మళ్ళీ ఆగింది. "అలాగని నోరు మూసుకుని కూర్చోమనటం లేదు. చెప్పు. బిస్మార్క్‌లో ఆ గదిలో ఏం తినేదానివి? ఆదివారం అడిగితే ఎప్పుడూ అబద్ధమే చెప్పేదానివి."

"బిస్కెట్లు. డబ్బాలో సార్డీన్ చేపలు."

"మాంసం పులుసట! నాకప్పుడే తెలుసు," అంది ఐలా. ఆ మాటకు ఆమె ముఖంలో పాత నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది.

చిన్నాడి సంగతి ఆర్డిస్‌కు అప్పటిదాకా ఆ రూపంలో తెలియదు. పట్నంలో పనికి పోయాడని మాత్రమే విన్నది. క్షమించమని అడగలేదు. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ అదే మీట నొక్కుతానని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఐలాకూ తెలుసు. ఆశ్రమం గుమ్మం దాకా పొద్దుతిరుగుడు పంట గురించి, మిడతల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆర్డిస్ రెండు ఆదివారాలు వెళ్ళి పక్కన కూర్చుని వచ్చింది. మూడో ఆదివారానికి ఖాళీ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

ఆ మరుసటి చలికాలం రాజధానిలో మాజీ సభ్యుల దినమని ఆహ్వానం వచ్చింది. ఆర్డిస్ ఒక్కతే కారు నడుపుకుని వెళ్ళింది. డెల్మర్ ఎప్పుడో పోయాడు. తెలిసిన ముఖాలు రెండో మూడో కనబడ్డాయి, వాళ్ళు పిల్లలతో మనవలతో వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. సందర్శకుల గ్యాలరీ తలుపు దగ్గర కాపలా ఉన్నామె ఆమె చెయ్యి పట్టుకుని మెట్టు దిగడానికి సాయం చేసింది.

"ఎవరినైనా కలవాలా అమ్మా?"

"లేదు. ఒకప్పుడు ఆ కింద సభలోనే కూర్చునేదాన్ని."

"ఓ, గుమాస్తాగా చేశారా?"

"సభ్యురాలిని."

"అలాగా! ఏ ఊరండీ?"

"హెగ్డాల్."

"ఆఁ, విన్నాను," అంది కాపలా ఆమె మర్యాదగా. వినలేదని ఆర్డిస్‌కు తెలిసింది. గ్యాలరీలో ముందు వరుసలో కూర్చుంది. కింద సభలో ఒక కొత్త సభ్యురాలు, పడమటి గడ్డిభూముల నుంచి వచ్చినట్టుంది, బావుల నీళ్ళ గురించి బిల్లు ప్రవేశపెడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు పేపర్లు చదువుకుంటున్నారు, ఒకరిద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమె మధ్యలో తడబడి, ఆగి, మొదటి నుంచి మళ్ళీ అందుకుంది. ఆర్డిస్ గ్యాలరీ కమ్మీల మీదికి వంగి, చెవుడు వచ్చిన కుడిచెవి అటు కాకుండా ఎడమ చెవి తిప్పి, చివరి మాట దాకా విన్నది. అప్పుడు లేచి కోటు బొత్తాలు పెట్టుకుని, మంచు పడకముందే ఇల్లు చేరాలని కిందికి దిగింది.